ఈ మాటకు సనద్ ఏది?

చేతిలో ఫోను ఉన్న ప్రతి మనిషీ నేడొక పత్రికాధిపతి. ఫజర్ నమాజు ముగించి ఇల్లు చేరేలోపే కుటుంబ గ్రూపులో నాలుగు సందేశాలు వచ్చి పడి ఉంటాయి. ఒకటి పిల్లలకు వేసే టీకా గురించి, ఒకటి చంద్రమండలంపై జరిగిన వింత గురించి, ఒకటి వీధుల్లో బిగిస్తున్న కెమెరాల గురించి, మరొకటి ఫలానావారి దుకాణంలో సరుకులు కొనవద్దని. రాసినదెవరో తెలియదు. ఆ సంగతి వారికెలా తెలిసిందో అంతకన్నా తెలియదు. అయినా చదివినవారు 'నిప్పు లేనిదే పొగ రాదు కదా' అనుకుంటారు. కొందరు తమ అభిప్రాయాన్ని ఒక వాక్యంగా జోడించి మరో నాలుగు గ్రూపులకు పంపుతారు. మధ్యాహ్నానికల్లా ఆ మాట ఊరు దాటుతుంది; సాయంత్రానికి రాష్ట్రం దాటుతుంది.

ఒకప్పుడు ఇరానీ హోటల్‌లో చాయ్ ముందు పెట్టుకొని నలుగురూ లోకంలోని విషయాలన్నింటిపైనా తీర్పులు చెప్పేవారు. ఆ తీర్పులు కప్పు ఖాళీ అయ్యేసరికి ముగిసిపోయేవి. చెబుతున్నది ఎవరో వినేవారికి తెలుసు. అతడి మాటను ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలుసు. నేడు మాటకు ముఖం పోయింది, రెక్కలు వచ్చాయి. తప్పని ఎవరైనా నిలదీస్తే 'నా అభిప్రాయం చెప్పాను, అంతే కదా' అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. అభిప్రాయం కలిగి ఉండడం, దానిని వ్యక్తం చేయడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. ఆ హక్కును కాపాడుకోవలసిన అవసరం మైనారిటీలకు అందరికన్నా ఎక్కువ. కానీ నిర్ధారణ లేని అభిప్రాయం నిజం వేషం వేసుకొని తిరిగినప్పుడు దాని మూల్యాన్ని ఎవరో ఒకరు చెల్లించక తప్పదు. ఈ దేశంలో ఆ మూల్యాన్ని ముస్లింలు పలుమార్లు చెల్లించారు. కొన్నిసార్లు మన బిడ్డలచేత మనమే చెల్లింపజేశాము. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచి చూడవలసిన సమయమిది.

మొదట మనపై పడిన భారాన్ని చూద్దాం. 2020 మార్చి మధ్యలో ఢిల్లీ నిజాముద్దీన్‌లోని తబ్లీగీ జమాత్ మర్కజ్‌లో సమావేశం జరిగింది. దేశవ్యాప్త లాక్‌డౌన్ ప్రకటన వచ్చింది ఆ తరువాత, మార్చి 24 రాత్రి. సమావేశానికి వెళ్లివచ్చినవారిలో కరోనా సోకిన మాట వాస్తవం. తెలంగాణతో సహా పలు రాష్ట్రాలలో మరణాలు సంభవించిన మాటా వాస్తవమే. అది వైద్యులు నిర్ధారించిన సంగతి. కానీ వ్యాధిని కావాలనే వ్యాపింపజేశారన్నది వైద్యులు చెప్పినది కాదు, ఏ పరీక్షా తేల్చినది కాదు. అది ఒక అభిప్రాయం. ఆ అభిప్రాయానికి 'కరోనా జిహాద్' అన్న పేరు తగిలించి టెలివిజన్ తెరలపైనా ఫోన్లలోనూ ఊరేగించారు. పాత వీడియోలను, వేరే దేశాల వీడియోలను తెచ్చి ఇక్కడివిగా చూపించారు. ఫలితంగా జమాత్ పేరైనా ఎరుగని కూరగాయల బండివాడు, పండ్లమ్ముకునే ముదుసలి వీధుల్లో అవమానాల పాలయ్యారు. అనేక కాలనీల ద్వారాలు వారికి మూసుకుపోయాయి.

తరువాత ఏమైంది? 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 29 మంది విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా చేసినట్లు కనిపిస్తోందని వ్యాఖ్యానించింది. 2025 జులైలో ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయులపై ఉన్న 16 అభియోగ పత్రాలను రద్దు చేసింది. అపవాదు దేశమంతా చుట్టిరావడానికి పట్టినవి కొద్దిరోజులు. అది చట్టం ముందు నిలవదని తేలడానికి పట్టినవి అయిదేళ్లు. నాడు ఆ సందేశాన్ని ముందుకు పంపిన లక్షలాది చేతులలో ఎన్ని ఈ తీర్పును కూడా పంపాయి? ఆనాటి బండివాడు పోగొట్టుకున్న రోజుకూలీని తిరిగి ఇవ్వగల న్యాయస్థానమేది?

రెండవ ఉదాహరణ మన ఆడబిడ్డలకు సంబంధించినది. 2021 జులైలోనూ, మళ్లీ 2022 జనవరి 1న, పాత్రికేయులు, సామాజిక కార్యకర్తలు, విద్యార్థినులైన ముస్లిం మహిళల ఫొటోలను వారికి తెలియకుండా సేకరించి యాప్‌లలో 'వేలానికి' పెట్టారు. ఆ పని చేసినవారు చదువుకున్న యువకులు. సాంకేతిక పరిజ్ఞానం వారికి కొరవడలేదు. కొరవడినది ఎదుటివారూ మనుషులేనన్న స్పృహ. 'ఏదో కుర్రకారు సరదా, నిజంగా అమ్మారా కొన్నారా' అన్న తేలికపాటి వ్యాఖ్యలు ఆ నేరానికి పరుపు పరిచాయి. మొదటి ఘటన జరిగి ఆరు నెలలు గడిచినా అరెస్టులు లేవు. రెండవది జరిగి దేశం నివ్వెరపోయిన తరువాతనే పోలీసులు కదిలారు. సరదాగా తీసుకున్న మొదటి నేరమే రెండవ నేరానికి ధైర్యమిచ్చింది.

ఇక మూడవది, పైకి ఎంతో అమాయకంగా కనిపించే అభిప్రాయం: 'తప్పు చేయనివాడికి కెమెరా అంటే భయమెందుకు?' ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాల గురించి మాట వచ్చిన ప్రతిచోటా ఈ వాక్యం వినిపిస్తుంది. ముస్లిం మధ్యతరగతి ఇళ్లలో కూడా వినిపిస్తుంది. యంత్రం పక్షపాతం చూపదు, అది చెప్పినది విజ్ఞానశాస్త్రం చెప్పినట్లేనన్న నమ్మకం దాని వెనుక ఉంది. ఆ నమ్మకానికి ఆధారమెంత? తప్పిపోయిన పిల్లలను వెతకడానికి వాడిన ఇలాంటి వ్యవస్థ కచ్చితత్వం 2 శాతమేనని 2018లో ఢిల్లీ పోలీసులే హైకోర్టుకు చెప్పారు. మరుసటి సంవత్సరం కేంద్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ అది 1 శాతం కన్నా తక్కువని, బాలురను బాలికలను కూడా వేరుగా గుర్తించలేకపోతోందని అదే న్యాయస్థానానికి తెలిపింది. అయినా 2020 ఫిబ్రవరి ఢిల్లీ అల్లర్ల తరువాత ముఖ గుర్తింపు సాయంతో 1,100 మందికి పైగా వ్యక్తులను గుర్తించామని కేంద్ర హోం మంత్రి పార్లమెంటులో ప్రకటించారు. 80 శాతం పోలిక కనిపిస్తే దానిని సరిపోలినట్లుగా పరిగణిస్తామని ఢిల్లీ పోలీసులు సమాచార హక్కు దరఖాస్తుకు ఇచ్చిన జవాబు 2022లో వెలుగులోకి వచ్చింది. ఆ మిగిలిన 20 శాతంలో చిక్కుకునేవాడు తప్పు చేసినవాడేనని ఎవరు హామీ ఇవ్వగలరు?

ఈ ప్రశ్న ఢిల్లీకి పరిమితమైనది కాదు. 2021 మే నెలలో హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు తనను ఆపి మాస్కు తీయమన్నారని, తాను నిరాకరించినా ఫొటో తీశారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ అభ్యంతరం తెలిపారు. ఆ ఫొటో ఎక్కడికి పోతుంది, ఎంతకాలం ఉంటుంది, ఏ చట్టం కింద తీశారని అడిగారు. సమాధానం రాకపోవడంతో తెలంగాణ హైకోర్టును ఆశ్రయించారు. 2022 జనవరిలో న్యాయస్థానం ప్రభుత్వానికి నోటీసు జారీ చేసింది. ఆయన చేసినది గొప్ప సాహసకార్యమేమీ కాదు. పౌరుడు అడగవలసిన ప్రశ్న అడిగారు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చిచెప్పింది. అంతకు పద్నాలుగు శతాబ్దాల ముందే దివ్య ఖుర్ఆన్ 49వ సూరా 12వ ఆయత్ అనుమానాలకు దూరంగా ఉండాలని, ఇతరుల రహస్యాలను కూపీ లాగరాదని విశ్వాసులను ఆదేశించింది. నిఘాను ప్రశ్నించేవాడు నేరాన్ని దాచుకుంటున్నాడన్న అభిప్రాయం రాజ్యాంగానికీ సరిపడదు, దీనుకూ సరిపడదు.

ఇంతవరకు చెప్పినది మనకు నచ్చే భాగం. తక్కెడకు రెండవ పళ్లెం కూడా ఉంది.

పోలియో చుక్కల కథ మరువదగినది కాదు. ఆ చుక్కలు వేస్తే పిల్లలకు సంతాన సామర్థ్యం నశిస్తుందని, ముస్లింల సంఖ్య తగ్గించడానికి పన్నిన పన్నాగమని పశ్చిమ ఉత్తరప్రదేశ్, బీహార్ బస్తీలలో ఏళ్ల తరబడి పుకారు నడిచింది. ఆనాటికి వాట్సాప్ లేదు, నోటిమాటే సరిపోయింది. 2002లో దేశంలో 1,600 వరకు పోలియో కేసులు నమోదైతే అత్యధికం ఉత్తరప్రదేశ్‌లోనివి. బాధిత బాలల్లో ముస్లిం పిల్లల వాటా వారి జనాభా వాటాను మించింది. ఆ భయం శూన్యంలోంచి పుట్టలేదు. ఎమర్జెన్సీ కాలంలో జరిపిన బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల జ్ఞాపకం పెద్దల మనసుల్లో పచ్చిగానే ఉంది. ఇతర సమయాల్లో ఆ బస్తీల ముఖమైనా చూడని ప్రభుత్వ వైద్యం చుక్కల మందుతో మాత్రం పదే పదే తలుపు తట్టడం అనుమానాన్ని పెంచింది. ఈ కారణాలన్నీ నిజమే. కానీ కుంటుపడిన కాలు ఆ పసివాడిది. పుకారు పుట్టించినవాడు ఒక్కనాడైనా ఊతకర్ర పట్టుకోలేదు.

ఆ పరిస్థితి మారింది కూడా మన చేతులతోనే. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా, జామియా హమ్‌దర్ద్ యూనిసెఫ్‌తో కలిసి బస్తీలలోకి వెళ్లాయి. ఉలమాలు తమ సంతకాలతో విజ్ఞప్తులు విడుదల చేశారు. మస్జిదు మైకుల నుంచి చుక్కల మందు తేదీలు వినిపించాయి. పొరుగింటి స్త్రీలే తల్లులతో కూర్చొని సందేహాలు తీర్చారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. తెలిసినవాడు, నమ్మదగినవాడు ఎదురుగా నిలబడి చెప్పిన మాట పుకారును ఓడించగలదనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

అయినా గుణపాఠం పూర్తిగా ఒంటబట్టలేదు. 2016లో కేరళలోని మలప్పురం జిల్లాలో కంఠసర్పి వ్యాధి తలెత్తి పిల్లల ప్రాణాలు తీసింది. టీకా వేయించని కుటుంబాలు అక్కడ గణనీయంగా ఉన్నాయి. 2017లో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైనప్పుడు దక్షిణాది రాష్ట్రాలలో పాత పుకారే కొత్త ఫోన్లలో తిరిగింది. 2022 చివరలో ముంబయిలోని గోవండీ వంటి ఇరుకు బస్తీలలో తట్టు వ్యాపించి పసిపిల్లలు మరణించారు. కరోనా కాలంలో టీకాలు నిలిచిపోవడం, పోషకాహార లోపం, కిక్కిరిసిన గదులు, పాలకుల నిర్లక్ష్యం, అన్నింటికీ అందులో పాత్ర ఉంది. వాటితోపాటు కొన్ని ఇళ్లలో సంకోచానికీ ఉంది. పాలకుల బాధ్యతను నిలదీసే హక్కు మనకుంది. ఆ హక్కును వినియోగించుకొనేనాడు మన భాగాన్ని దాచిపెడితే నిలదీత పలుచబడుతుంది.

మన తెలుగు నేలపై జరిగినదీ గుర్తుచేసుకోవాలి. 2018 మే నెలలో పిల్లలనెత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న సందేశాలు రెండు తెలుగు రాష్ట్రాలనూ ఊపివేశాయి. ఫొటోలు ఎక్కడివో, గొంతులు ఎవరివో ఎవరూ అడగలేదు. హైదరాబాద్ పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో, అదీ రంజాన్ మాసంలో, ఆ అనుమానంతోనే గుంపు దాడి చేసి ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని చంపివేసింది. భిక్షాటనకు వచ్చిన అభాగ్యుల గుంపు అది. దాద్రీ, అల్వర్ పేర్లు చెప్పి గుంపు హింసను ఖండించే మన నోళ్లు చాంద్రాయణగుట్ట పేరు కూడా అంతే గట్టిగా పలకాలి. గుంపుకు మతం లేదు, పుకారుకు పక్షం లేదు. ఇవాళ మన వీధిలో మరొకరిపై విరుచుకుపడినది రేపు మరో వీధిలో మనపైనే విరుచుకుపడుతుంది.

అదే సమయంలో అదే తెలంగాణలో ఇంకొక దారి కూడా కనిపించింది. అప్పటి జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఒక్కొక్కరికి కొన్ని గ్రామాల చొప్పున పంపి, జనంతో మాట్లాడించి, జానపద కళాకారులచేత డప్పు కొట్టించి పాటల రూపంలో పుకార్ల గుట్టు విప్పించారు. అక్కడా మార్పు తెచ్చినది ముఖాముఖి మాటే.

ప్రాణం తీయని పుకార్లు కూడా కొన్ని ఉన్నాయి. అవి పరువు తీస్తాయి. చంద్రునిపై కాలుమోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడ అజాన్ విన్నారని, తిరిగివచ్చి ఇస్లాం స్వీకరించారని చెప్పే కథ నేటికీ మన గ్రూపులలో తిరుగుతూనే ఉంది. అది అసత్యమని 1983లోనే ఆర్మ్‌స్ట్రాంగ్ తరఫున అమెరికా విదేశాంగ శాఖ ముస్లిం దేశాలలోని తన దౌత్య కార్యాలయాలకు తెలియజేసింది. నలభై ఏళ్లు గడిచినా కథ ఆగలేదు. 'ఇందులో ఎవరికేం నష్టం, ఈమాన్ పెరుగుతుంది కదా' అంటారు. గాలి లేని చంద్రునిపై శబ్దం ప్రయాణించదని ఎనిమిదో తరగతి పుస్తకంలో చదువుకున్న మన అమ్మాయి ఈ సందేశాన్ని తండ్రి ఫోనులో చూస్తుంది. ఆమె ముందున్న దారులు రెండు: పుస్తకాన్ని అనుమానించడం, లేదా తండ్రి చెప్పే అన్ని మాటలనూ అనుమానించడం. దైవ సత్యానికి అబద్ధపు ఊతకర్ర అవసరం లేదు. అటువంటి ఊతంపై నిలబెట్టిన విశ్వాసం మొదటి ప్రశ్నకే తడబడుతుంది.

విచిత్రమేమిటంటే, విన్నదానిని వడపోయడమనే విద్యను ప్రపంచంలో అత్యంత శ్రద్ధతో పెంచిన సంప్రదాయాలలో మనదొకటి. మదీనాలో విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి)పై కపటులు అపనింద వేసినప్పుడు అది దాదాపు నెల్లాళ్లు నోటినుంచి నోటికి పాకింది. ఆ ఘటనపై అవతరించిన సూరా అన్ నూర్ ఆయత్‌లు నింద పుట్టించినవారితో ఆగలేదు. తెలియని సంగతిని నాలుకలతో అందిపుచ్చుకొని, అదేదో చిన్న విషయమనుకున్నవారిని కూడా మందలించాయి. మనుషుల లెక్కలో తేలికైనది అల్లాహ్ సన్నిధిలో ఘోరమైనది కావచ్చునని హెచ్చరించాయి. నేటి భాషలో చెప్పాలంటే, సందేశం రాసినవాడిని మాత్రమే గాక ముందుకు పంపినవాడిని కూడా ప్రశ్నించాయి. సూరా అల్ హుజురాత్ 6వ ఆయత్ నమ్మదగనివాడు వార్త తెస్తే విచారించి తెలుసుకోమంటుంది. లేకపోతే తెలియక ఒక జనసమూహానికి కీడు చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని కారణం కూడా చెబుతుంది. సూరా అన్ నిసా 83వ ఆయత్ భయం గొలిపే వార్త విన్నప్పుడు దానిని చాటవద్దని, విషయాన్ని పరిశోధించగల బాధ్యుల దృష్టికి తీసుకుపోవాలని బోధిస్తుంది. విన్నదంతా చెప్పుకుంటూ పోవడం కూడా మనిషిని అబద్ధాలకోరుగా మార్చగలదని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసును ఇమామ్ ముస్లిం తన గ్రంథం ముందుమాటలోనే చేర్చారు.

ఈ బోధల నుంచే సనద్ అన్న వ్యవస్థ పుట్టింది. ప్రవక్త (స) పేరిట ఎవరు ఏ మాట చెప్పినా, నీకు ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు, వారిద్దరూ ఒకరినొకరు కలుసుకున్నారా, జ్ఞాపకశక్తి ఎటువంటిది, నడవడి ఎటువంటిదని హదీసు పండితులు విచారించారు. బుఖారా నగరంలో పుట్టిన ఇమామ్ బుఖారీ ఆ విచారణ కోసం దేశాలు తిరిగారు. ఉల్లేఖకుల జీవిత వివరాలతో వేరే గ్రంథమే రచించారు. మాట ఎంత అందంగా ఉన్నా గొలుసులో ఒక్క లంకె తెగితే దానిని బలహీనమని పక్కన పెట్టారు. ఆ శ్రద్ధ ధార్మిక విద్యకే పరిమితం కాలేదు. క్రీస్తుశకం 965లో బస్రాలో పుట్టి కైరోలో జీవించిన ఇబ్న్ అల్ హైసమ్ చూపు ఎలా కలుగుతుందో తేల్చడానికి ప్రయోగాలు చేశారు. అంతకుముందు శతాబ్దాలపాటు ప్రామాణికుడిగా చలామణి అయిన టాలెమీనే ప్రశ్నిస్తూ ఒక గ్రంథం రాశారు. పెద్దలు చెప్పారన్నది ఆయనకు ముగింపు కాలేదు, విచారణకు మొదలైంది. అటువంటి వారసత్వం గల సమాజం 'ఫార్వర్డెడ్' అన్న చిన్న ముద్రను సనద్‌గా అంగీకరించడం ఎంతటి పతనం! నిజానికి ఆ ముద్ర చెప్పేది ఒక్కటే: ఈ మాట పంపినవాడిది కాదు.

అయితే ప్రభుత్వమే రంగంలోకి దిగి ఇటువంటి మాటలన్నింటినీ నిషేధించాలా? కాదు. నిషేధపు కర్ర ముందుగా ఎవరి వీపుపై పడుతుందో మనకు తెలుసు. ఇంటర్నెట్‌లో రాతలపై అరెస్టులకు దారితీసిన సమాచార సాంకేతిక చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసింది. తన వ్యవహారాలపై ఏది నిజమో ఏది అబద్ధమో తానే తేలుస్తానంటూ కేంద్రం తెచ్చిన నిబంధనలను 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు చెల్లవన్నది. పుకార్ల గుట్టు విప్పడమే వృత్తిగా చేసుకున్న ఆల్ట్ న్యూస్ సహవ్యవస్థాపకుడు మహమ్మద్ జుబైర్‌ను 2018 నాటి ఒక ట్వీటు సాకుగా 2022 జూన్‌లో అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు జోక్యంతో జులై 20న గాని ఆయన బయటికి రాలేదు. అబద్ధం చెప్పినవారు స్వేచ్ఛగా తిరుగుతుండగా అబద్ధమని చెప్పినవాడు జైలుకు పోయిన రోజులవి. కనుక మనం కోరవలసినది కొత్త నిషేధాలు కాదు; ఉన్న చట్టాల సమాన అమలు. వర్గాల మధ్య ద్వేషం రగిలించడాన్ని భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్, ద్వేషం పెంచే అసత్య ప్రచారాన్ని 353వ సెక్షన్ నేరాలుగా పరిగణిస్తున్నాయి. ద్వేష ప్రసంగాలపై ఫిర్యాదు కోసం వేచి ఉండకుండా, మాట్లాడినవారి మతంతో నిమిత్తం లేకుండా కేసులు నమోదు చేయాలని 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఆ ఆదేశాన్ని ఎన్ని సందర్భాలలో పాటించాయో శాసనసభలలో లెక్క చెప్పాలి. ముఖ గుర్తింపు వ్యవస్థలను ఏ చట్టం కింద, ఎవరి పర్యవేక్షణలో నడుపుతున్నారో అదే సభలో వెల్లడించాలి.

మన వంతు పనులకు ఏ ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు. మస్జిదు కమిటీలు నెలకొక జుమా ఖుత్బాను వార్తల నిర్ధారణకు కేటాయించమని ఖతీబ్‌లను కోరవచ్చు. మన సముదాయంలో వైద్యులున్నారు, ఇంజనీర్లున్నారు, న్యాయవాదులున్నారు. ప్రతి బస్తీలోనూ ఇటువంటి నలుగురి పేర్లు, వారిని కలుసుకొనే వేళలు మస్జిదు నోటీసు బోర్డుపై ఉంటే, టీకా గురించో కొత్త యాప్ గురించో సందేహం వచ్చిన తల్లికి ఫోను తెర ఒక్కటే దిక్కు కాకుండా పోతుంది. కుటుంబ గ్రూపులు నడిపేవారు ఒక నియమం పెట్టుకోవచ్చు: ఆరోగ్యం, మతద్వేషం, పిల్లల అపహరణ, డబ్బు, ఈ నాలుగింటికి సంబంధించిన సందేశం ఎవరు పంపినా అది ఎక్కడిదో చెప్పాలి, చెప్పలేకపోతే తీసివేయాలి. తీసివేయడం అవమానం కాకూడదు. మామయ్య పంపినదైనా, హాజీసాబ్ పంపినదైనా, 'ఇది ఎక్కడిదండీ' అని కోడలు మర్యాదగా అడగగలిగిన ఇల్లే ఆరోగ్యకరమైన ఇల్లు. పెద్దలను ప్రశ్నించడం బేఅదబీ అని భావించే చోట పుకారు నిశ్చింతగా కాపురం పెడుతుంది.

యువతకు ప్రత్యేకంగా ఒక మాట. మీరు చేతిలోని ఫోనును మాకన్నా బాగా ఎరుగుదురు. ఒక ఫొటో పాతదా కొత్తదా, ఈ ఊరిదా వేరే దేశానిదా అని క్షణంలో వెతికి తేల్చగల నేర్పు మీకుంది. ఆ నేర్పును ఇంట్లో పెద్దలను ఎగతాళి చేయడానికి కాక వారి పక్కన కూర్చొని చూపించడానికి వాడండి. తేల్చిన సంగతిని సరళమైన తెలుగులో, ఉర్దూలో రాసి అదే గ్రూపులో పెట్టండి. మనపై వచ్చిన అబద్ధాన్ని బట్టబయలు చేసేటప్పుడు ఎంత పట్టుదల చూపుతారో, మనకు అనుకూలమైన అబద్ధం విషయంలోనూ అంతే పట్టుదల చూపండి. మన ప్రత్యర్థి గురించి వచ్చిన చెడ్డవార్త, మన నాయకుడి గురించి వచ్చిన పొగడ్త, మన మతం గురించి వచ్చిన అద్భుతం, ఈ మూడింటినీ మనసు ఇట్టే నమ్మేస్తుంది. ఎక్కువ పరీక్ష అవసరమైనవి అవే.

2018 జులైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. గుంపు హత్యలు జరిగిన తరువాత ఒక విదేశీ సంస్థ మన వేళ్లకు కళ్లెం వేయవలసి వచ్చింది. ఆ కళ్లెం మన అంతరాత్మ ముందే వేసి ఉండవలసినది.

మైనారిటీల హక్కుల కోసం పోరాడేవారి దగ్గర సైన్యం లేదు, అధికారం లేదు. ఉన్నదల్లా మాటకున్న విలువ. న్యాయస్థానంలో, పత్రికా సమావేశంలో, పోలీసు స్టేషన్‌లో, శాసనసభ్యుడి ముంగిట మనం వినిపించేది మాటే. రేపు నిజంగా అన్యాయం జరిగి మనం గొంతెత్తినప్పుడు 'వీళ్లు ఆధారం లేకుండా మాట్లాడరు' అన్న పేరు మన వెంట ఉండాలి. ఆ పేరును ఏ ప్రభుత్వమూ ఇవ్వదు, ఏ తీర్పూ ఇవ్వదు. ప్రతిరోజూ, ప్రతి సందేశం దగ్గరా మనమే సంపాదించుకోవాలి. ఎదుటివారిని మనం అడిగే ప్రశ్నను ముందు మన వేలికే అడగడంతో ఆ సంపాదన మొదలవుతుంది: ఈ మాటకు సనద్ ఏది?